పాస్‌పోర్టులో ఇంటి పేరు లేదు, బస్సు టికెట్టు ఎలా తీయాలి?

మాది అమలాపురం. వచ్చే నెల 14న అమ్మను తీసుకుని సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు రాత్రి 11 గంటల బస్సులో వెళ్లాలి. అమ్మ పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీ. కోనసీమ మనిషికి ఇంటి పేరు లేదంటే ఎవరు నమ్ముతారు! బస్సు సంస్థ సైటేమో ఆ గడి నింపనిదే ముందుకు కదలదు. చుక్క పెడితే ఎర్ర గీత వస్తోంది. ఉన్న పేరునే రెండుసార్లు రాస్తే తీసుకుంది గానీ, భయపడి డబ్బు కట్టలేదు. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ అదే తంతు. రెండు మెయిళ్లు పంపి తొమ్మిది రోజులైనా జవాబు లేదు. సరిహద్దుకు రెండు వైపులా దిగి తనిఖీకి వెళ్లాలి, అర్ధరాత్రి పేరు దగ్గర పేచీ వస్తే కష్టం. ఇలాంటి పాస్‌పోర్టుతో ఈ దారిలో వెళ్లినవారు ఇంటి పేరు గడిలో ఏమి రాస్తే బస్సు ఎక్కనిచ్చారు?