అప్‌డేట్: తొలి నవలలో ఎడిటర్ కోరిన మార్పుల విషయం

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుల మీద నేను రాసిన తొలి నవలలో మొదటి అధ్యాయాలు తీసేయాలనీ, సంభాషణల్లో మా యాసను తగ్గించాలనీ ఎడిటర్ పట్టుబడితే ఏం చేయాలని అడిగిన సంగతి గుర్తుండే ఉంటుంది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ప్రతి అభ్యంతరానికీ విడివిడిగా కారణం రాసి పంపమన్న సూచన బాగా పనికొచ్చింది. 1934లో మిల్లు వెలసిన నాటి చరిత్రంతా ముందే చెప్పడం వల్ల కథ కదలడం లేదన్న ఎడిటర్ మాట కొట్టిపారేయదగింది కాదు. అందుకే ఇప్పుడు నవల, తెల్లవారుజామున మిల్లు సైరన్ మోగగానే తల్లి హడావిడిగా సద్దిగిన్నె కట్టే ఘట్టంతో మొదలవుతుంది. చరిత్ర అవసరమైనంత మేరకు కార్మికుల మాటల్లోనే వస్తుంది.

యాస విషయంలో మాత్రం నేను తగ్గలేదు. ఒకే పాత్ర ఒక పేజీలో "పోతున్న" అనీ, మరో పేజీలో "వెళ్తున్నాను" అనీ అనకుండా నేనే సరిచూడాలన్న షరతు మీద ఆమె ఒప్పుకున్నారు. (నిజానికి ఆమె పట్టుకున్న అసలు లోపం ఇదే.)

1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, తన ప్రతిష్ఠకు భంగం కలిగించేలా రచనను మారిస్తే రచయిత అభ్యంతరం చెప్పవచ్చు గానీ, అంతదాకా పోలేదు. నా రాతపూర్వక అనుమతి లేకుండా మార్పులు చేయరాదన్న నిబంధన ఒప్పందంలో చేరింది. చివరి అధ్యాయంపై చర్చ ఇంకా సాగుతోంది.