రాతి గోడల్లో దాగిన పాత చెక్క ఇంటిని గుర్తుపట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. పాత కట్టడాల గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్ పక్కన సెయింట్ ఫేగన్స్ మ్యూజియంలో కిలెవెంట్ అనే రైతు ఇల్లు ఉంది. మధ్య వేల్స్‌లో రయడర్ దగ్గర ఉన్నదాన్ని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఒక వైపు మనుషులు, ఇంకో వైపు పశువులు, అందరికీ ఒకటే కప్పు. మా అమ్మమ్మ వాళ్లింట్లో కొట్టం వసారాకి ఆనుకునే ఉండేది. అందుకేనేమో, లోపల అడుగు పెట్టగానే మనసు అక్కడే ఆగిపోయింది.

నా సందేహం గోడల గురించి. మొదట 1470 ప్రాంతంలో చెక్కతో కట్టారట, ఇప్పుడున్న రాతి రూపం 1734 నాటిది. పాత పద్ధతిని క్రక్ అంటారు. వంపు తిరిగిన పెద్ద దుంగలు జంటగా కింది నుంచి లేచి, కప్పు కొన దగ్గర కలుస్తాయి. కప్పు బరువు మోసేది అవే, గోడలు కాదు. మరి కప్పు దించకుండానే చెక్క గోడలు తీసి రాయి పేర్చేవాళ్లా? లేక మొత్తం విప్పేసేవాళ్లా?

వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాను. ఇలాంటి ఇళ్లు ఒకప్పుడు చెక్కవని దేన్ని బట్టి చెప్పొచ్చు? పాత అతుకుల ఖాళీ బెజ్జాలా, పొగ మసా, రాతి వరసలా? ఏ మూల ఫొటోలు తీయాలో చెప్పినా చాలు, తీసి పెడతాను.