లెస్, ఫ్యూయర్ దగ్గర నా 'ఎన్ని–ఎంత' చిట్కా పనిచేయడం లేదు

ఇంగ్లీషులో మెనీ రాయాలా, మచ్ రాయాలా అని తేల్చుకోవడానికి నాకో చిట్కా ఉంది. తెలుగులో 'ఎన్ని' అని అడిగితే మెనీ, 'ఎంత' అని అడిగితే మచ్. ఎన్ని పుస్తకాలు, ఎంత నీరు. ఫర్నిచర్, అడ్వైస్ లాంటి మొండి మాటల్ని విడిగా బట్టీ పట్టేశాను.

చిక్కంతా ఫ్యూయర్ (లెక్కపెట్టగలిగేవాటికి), లెస్ (లెక్కపెట్టలేనివాటికి) దగ్గరే. మన 'తక్కువ' రెండింటికీ సరిపోతుంది కదా, చెవి కూడా సాయం చేయదు! నిన్న 20 ఖాళీలు పూరిస్తే 5 తప్పులు, అందులో 4 ఒకే రకం. 'ఫ్యూయర్ దాన్ ఫైవ్ కిలోమీటర్స్' అని రాశాను, జవాబు 'లెస్ దాన్'. టెన్ మినిట్స్, త్రీ డేస్ ఉన్నచోటా లెస్సే. డిక్షనరీ చూస్తే కిలోమీటర్, మినిట్, డే మూడూ లెక్కపెట్టగలిగే నామవాచకాలే. దూరం, కాలం, డబ్బు అయితే మొత్తంగా ఒకటే అనుకోవాలని వ్యాకరణ పుస్తకంలో ఒక్క ముక్క ఉంది. సరే అని అలాగే 'లెస్ వర్కింగ్ డేస్' అని రాస్తే మళ్లీ తప్పు, జవాబు 'ఫ్యూయర్ వర్కింగ్ డేస్'.

డేస్ లాంటి మాట వచ్చినప్పుడు, అది ఒకే మొత్తమా, విడివిడి రోజులా అని వాక్యం చూసి ఎలా గుర్తుపట్టాలి?