తిరుపతిలో సెడాన్‌కి డీజిలా, పెట్రోలా? (సెకండ్‌హ్యాండ్, 2021 మోడల్)

అవిలాల వాసి:
బడ్జెట్ 10 లక్షల లోపు. సెడానే కావాలి, దయచేసి ఎస్‌యూవీ సలహాలు వద్దు. రోజూ అవిలాల నుంచి రేణిగుంట వైపు ఫ్యాక్టరీకి, ఒక వైపు 14 కి.మీ. నెలకోసారి బెంగళూరు, రానూపోనూ 500 కి.మీ. నెలకు ఒకట్రెండుసార్లు ఐదుగురం కొండకి. మొత్తం ఏడాదికి 15 వేల కి.మీ. పైచిలుకు. చూస్తున్నవి రెండు: 2021 హ్యుందాయ్ వెర్నా 1.5 డీజిల్ మాన్యువల్, అదే ఏడాది హోండా సిటీ 1.5 పెట్రోల్ మాన్యువల్. రెండింటికీ దాదాపు ఒకే ధర చెప్తున్నారు. ఏది తీసుకోవాలి, ఎందుకు?

లెక్కల పుస్తకం:
కొత్త కారయితే ఈ ప్రశ్నే ఉండేది కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (బీఎస్4 తర్వాత వచ్చిన కాలుష్య ప్రమాణం) రాగానే మారుతి డీజిల్ మానేసింది. 2023 ఏప్రిల్ నుంచి కారును రోడ్డు మీద నడిపి పొగ కొలిచే పరీక్ష కూడా తప్పనిసరి అయ్యేసరికి సిటీ, వెర్నా, అమేజ్ కూడా వదిలేశాయి. స్లావియా, వర్టస్‌లకు మొదటి నుంచీ డీజిల్ లేదు. అందుకే డీజిల్ సెడాన్ అంటే ఇప్పుడు సెకండ్‌హ్యాండే.

మీ లెక్క చూద్దాం. పెట్రోలు 110, డీజిల్ 98 అనుకోండి. కంపెనీ చెప్పే మైలేజీ పక్కన పెట్టండి. ఏసీ వేసుకుని ఊర్లో, హైవేలో కలిపి తిరిగితే సిటీకి 14, వెర్నా డీజిల్‌కి 19 పట్టుకోవచ్చు. 15,400 కి.మీ.కి పెట్రోలు 1,100 లీటర్లు, అంటే 1,21,000. డీజిల్ 810 లీటర్లు, అంటే 79,400. ఏడాదికి 41 వేల పైనే మిగులు. డీజిల్ సర్వీసుకి ఇంకో ఏడెనిమిది వేలు ఎక్కువ వేసినా 33 వేలు చేతికొస్తుంది. ధర ఒకటే అయినప్పుడు నా ఓటు డీజిల్‌కే.

కపిలతీర్థం రోడ్డు:
లెక్క తప్పు కాదు గానీ అడగాల్సిన ప్రశ్న వేరే. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు అన్నది బీఎస్4 రోజుల ప్రశ్న. బీఎస్6 డీజిల్‌కి అడగాల్సింది: ఒక్కో ట్రిప్పులో ఇంజను బాగా వేడెక్కాక ఎంతసేపు ఆగకుండా పరిగెడుతుంది?

కారణం డీపీఎఫ్. పొగలో మసిని పట్టి ఉంచే జల్లెడ అది. నిండినప్పుడు దాన్ని కాల్చి బూడిద చెయ్యాలి, అందుకు లోపల 600 డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి కోసం ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటర్) మామూలుగా డీజిల్ చిమ్మిన తర్వాత ఇంకాస్త ఆలస్యంగా మళ్లీ చిమ్ముతుంది. ఇది పూర్తవడానికి 15 నుంచి 25 నిమిషాల నిలకడ పరుగు కావాలి. మధ్యలో కారు ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది. అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్ సంపులోకి (ఇంజను అడుగున ఆయిల్ తొట్టి) దిగుతుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే డిప్‌స్టిక్‌లో (ఆయిల్ కొలిచే పుల్ల) ఆయిల్ మట్టం తగ్గడం కాదు, పెరుగుతుంది. పల్చబడ్డ ఆయిల్‌తో ముందుగా దెబ్బతినేది టర్బో (ఇంజనులోకి గాలి నొక్కి పంపేది) బేరింగే.

అవిలాల నుంచి 14 కి.మీ. అంటే సిగ్నళ్లు, బస్టాండు దగ్గర జనం. ఇంజను వేడెక్కడానికే మొదటి 5–6 కి.మీ. పోతాయి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కితే కాస్త నయం, అంతే. మీ ఏడాది కిలోమీటర్లలో సగానికి పైగా ఈ ఫ్యాక్టరీ ట్రిప్పులే. సిటీ పెట్రోల్ తీసుకోండి.

మొగిలి ఘాటు:
ఏం సామీ, అందరూ డీపీఎఫ్ అంటా బెదిరిస్తా ఉండారే! ఐదుమందిని ఎక్కించుకోని, ఏసీ ఏసుకోని, బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్లో లారీ ఎనకాల ఇరుక్కుంటే తెలస్తాది పెట్రోలు సంగతి. సిటీ పెట్రోలుకి లాగే బలం, అదే టార్క్, 145 న్యూటన్ మీటర్లు, అదీ 4,300 ఆర్‌పీఎం కాడ. వెర్నా డీజిల్‌కి 250, 1,500 నుంచే. మూడో గేర్లో పెట్టి కాలు ఆనిస్తే సాలు, లారీని దాటేస్తాది. అదే సిటీ అయితే రెండో గేరుకి దిగి గోల గోల. పైగా సముద్రమట్టానికి పైకి పోయేకొద్దీ టర్బో లేని పెట్రోలుకి ఊపిరి ఆడదు. ఎత్తు ప్రతి వంద మీటర్లకి పవరు ఒక శాతం పోతాది. కొండ మీదికొచ్చేసరికి ఎనిమిది తొమ్మిది శాతం లేనట్టే. టర్బో ఉండేదానికి ఆ లోటు ఉండదు.

లెక్కల పుస్తకం:
కొండ ఎక్కడానికి ఇంధనం ఎంత తేడా వస్తుందో కూడా లెక్కేశాను. అలిపిరి నుంచి పైకి ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి కారు 1,500 కిలోలు. కేవలం ఆ బరువును ఎత్తడానికి ఇంజను సామర్థ్యాన్ని కలిపి చూస్తే పెట్రోలు లీటరు పైన, డీజిల్ ముప్పావు లీటరు పైన పడుతుంది. తేడా రూపాయల్లో నలభై. ఒక చిన్న లడ్డూకి కూడా చాలదు. కొండ కోసం డీజిల్ కొనాలంటే అది సుఖం కోసం, డబ్బు కోసం కాదు.

కపిలతీర్థం రోడ్డు:
మొగిలి ఘాటు గారు చెప్పిన టార్క్ నిజమే, దానికి ఎదురు చెప్పను. కానీ తిరుమల ఘాటులో డీపీఎఫ్ ఎలా నడుస్తుందో చూడండి. ఎక్కేటప్పుడు దానికి పండగే. దారి సుమారు 18 కి.మీ., 28 నిమిషాల లోపు పైకి చేరకూడదని నిబంధన. అంటే సగటున 38 కి.మీ. వేగం, బరువు మీద రెండో మూడో గేరు. పొగ బాగా వేడిగా ఉంటుంది, మసి దానంతటదే కొంత కాలిపోతుంది. కానీ మసిని కాల్చే ఆ శుద్ధి పైన మొదలైతే? పార్కింగ్‌లో ఆపేస్తారు. తిరిగి దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలుండదు కాబట్టి ఇంధనమే ఆగిపోతుంది, పైపు చల్లబడిపోతుంది. 40 నిమిషాల దిగుడు ఆ జల్లెడకి అక్కరకు రాదు.

ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాను హోరుమంటుంటే, ఐడిల్ (బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పటి) ఆర్‌పీఎం మామూలుకన్నా కాస్త ఎక్కువుంటే, కారు కింద నుంచి కాలిన వాసన వస్తుంటే శుద్ధి నడుస్తోందని అర్థం. అప్పుడు వెంటనే ఆపకుండా ఇంకాసేపు నడిపితే మంచిది.

మొగిలి ఘాటు:
దానికేముంది సామీ. వారానికోసారి రేణిగుంట నుంచి కాళహస్తి రోడ్డు పట్టుకోని, నాలుగో గేర్లో 2,000 ఆర్‌పీఎం దాటించి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు తోలితే సాలు. డీపీఎఫ్ లైటు వెలిగినా మాన్యువల్లో చెప్పేది అదే: గంటకి 60 దాటి నిలకడగా పోనీ. లైటు మినుకుమినుకు మంటా ఉంటేనే సర్వీస్ సెంటరుకి పోయి స్కానరు పెట్టి బలవంతంగా కాల్పించాల.

కపిలతీర్థం రోడ్డు:
కారు కడుపు కోసం వారం వారం కాళహస్తి! రాహుకేతు పూజకి కూడా జనం అన్నిసార్లు పోరు. 😄 రానూపోనూ 50 కి.మీ., ఏడాదికి 2,600. అందులో మిగులు డబ్బు కొంత కరిగిపోతుంది, ఆదివారం పొద్దు కూడా పోతుంది.

లెక్కల పుస్తకం:
2,600 కి.మీ.కి డీజిల్ 137 లీటర్లు, 13,400 రూపాయలు. మిగులు 33 వేల నుంచి 20 వేలకి దిగుతుంది. ఇది నేను ముందు కలపలేదు, ఒప్పుకుంటా.

గాంధీ రోడ్డు గ్యారేజీ:
మీరంతా వదిలేసిన దారి ఒకటుంది. బీఎస్4 డీజిల్. 2020కి ముందు వెర్నా 1.6లో, సియాజ్ 1.3లో డీపీఎఫ్ లేదు. చిన్న ట్రిప్పులకి ఇబ్బంది పెట్టవు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే వాల్వు) మసి పట్టడం, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అరగడం మాత్రం అన్ని డీజిళ్లకీ ఉండే జబ్బులే. ఒక మెలిక ఉంది: వెర్నా 1.6 డీజిల్ 1,582 సీసీ. 1,500 దాటితే థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 7,897, దాటకపోతే 3,416. బండి కూడా పాతది, రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండితే రెన్యువల్. పదేళ్లకే డీజిల్ బండి మూల పడుతుందన్న భయం మాత్రం వద్దు, ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది, మన దగ్గర కాదు.

డీపీఎఫ్ పీకేసి ఈసీయూ మార్పించిన బండ్లు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి. అది చట్టవిరుద్ధం, అలాంటిది తీసుకోవద్దు. పట్టుకోవడం తేలిక. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి రుద్దండి. డీపీఎఫ్ బాగుంటే వేలికి మసి దాదాపు అంటదు. నల్లగా అంటిందంటే జల్లెడ పగిలిందో, లేకుండా పోయిందో.

అవిలాల వాసి:
ఇంజను బ్రేకింగ్ సంగతేంటి? కొండ దిగేటప్పుడు డీజిలే బాగా పట్టి ఆపుతుందని అందరూ అంటారు.

కపిలతీర్థం రోడ్డు:
అందరూ అంటారు, కానీ తిరగేసి అంటారు. కాలు తీసెయ్యగానే పెట్రోలు ఇంజనులో థ్రాటిల్ (గాలి వచ్చే దారిలో ఉండే మూత) మూసుకుంటుంది. పిస్టన్ మూతపెట్టిన సీసాలోంచి గాలి లాగినట్టు లాగాలి, అదే బ్రేకు. డీజిల్‌లో ఆ పని కోసం మూసే థ్రాటిల్ లేదు. గాలిని గట్టిగా నొక్కుతుంది నిజమే, కానీ నొక్కిన గాలి స్ప్రింగులా మళ్లీ పిస్టన్‌ని తోస్తుంది. అందుకే లారీలకి విడిగా ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టాన్ని మూసి ఇంజనుని ఆపేది) పెడతారు.

మొగిలి ఘాటు:
నేను ఒప్పుకోను. డీజిల్ ఇంజనులో రాపిడి ఎక్కువ, లోపలుండే భాగాల బరువూ ఎక్కువ. రెండో గేర్లో పెడితే ఇట్ల పట్టినట్టు ఉంటాది.

గాంధీ రోడ్డు గ్యారేజీ:
రాపిడి మాట నిజమే, కానీ డీజిల్‌కి గేరింగు పొడుగ్గా ఉంటుంది. దిగేటప్పుడు సగటు వేగం 27 చొప్పున, అదే రెండో గేర్లో డీజిల్ ఆర్‌పీఎం పెట్రోలు కన్నా తక్కువుంటుంది, పట్టూ తగ్గుతుంది. బాగా వాలున్న వంపుల్లో ఒకటో గేరు వెయ్యండి. ఏ ఇంజనైనా న్యూట్రల్‌లో మాత్రం దించొద్దు. డిస్కులు కాలి పెడల్ మెత్తబడుతుంది, పైగా ఇంధనం మిగలదు కూడా. గేర్లో ఉంటే దిగుడులో ఇంధనం పూర్తిగా ఆగుతుంది, న్యూట్రల్‌లో ఐడిల్ కోసం తాగుతూనే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ డాట్ 4, రెండేళ్లకోసారి మార్పించండి. తడి పట్టిన ఆయిల్ ఘాటులోనే మరుగుతుంది.

లెక్కల పుస్తకం:
పెట్రోలు వైపు కూడా ఒక ఖర్చు చెప్పాలి, న్యాయం కాబట్టి. బంకుల్లో ఇప్పుడు ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కి పెట్రోలు కన్నా మూడోవంతు శక్తి తక్కువ. 2021 సిటీ ఇ10 కాలంది. మైలేజీ ఇంకో మూడు నాలుగు శాతం పడిపోవచ్చు. నా 14ని 13.5 చేసుకోండి. ఇంకో చిట్కా: నెలనెలా బెంగళూరు పోతారు కాబట్టి నంగిలి దాటాక కర్ణాటకలో ట్యాంకు నింపుకోండి. మన పన్నుల వల్ల అక్కడ రెండు ఇంధనాలూ చవకే. అలా చేస్తే పెట్రోలు బండికి కూడా కొంత కలిసొస్తుంది.

అవిలాల వాసి:
అందరికీ దండాలు. వెర్నా చూడ్డానికి పోతే ఏమేం చూడాలి? అది కర్ణాటక రిజిస్ట్రేషన్.

గాంధీ రోడ్డు గ్యారేజీ:
కాగితాలు ముందు. కర్ణాటక ఆర్‌టీఓ నుంచి ఎన్ఓసీ (ఫారం 28), అమ్మకానికి 29, 30, లోను ఉండి తీరిస్తే 35. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, బండి వయసును బట్టి తగ్గుతుంది. అది బేరంలో ముందే తీసెయ్యండి. ఒకే ధర అంటున్నారు కదా, ఆ ట్యాక్సు కలిపితే ఒకే ధర కాదు.

ఇంక బండి. డిప్‌స్టిక్ తీసి చూడండి, మట్టం పై గీత దాటి ఉంటే, డీజిల్ వాసన వస్తే వదిలెయ్యండి. స్కానర్ పెట్టించి డీపీఎఫ్‌లో మసి శాతం, చివరిసారి శుద్ధి అయ్యాక ఎన్ని కి.మీ. తిరిగిందో చూడండి. వందల కి.మీ.కి ఒకసారి అయితే ఫర్వాలేదు, యాభై అరవైకే మళ్లీ మళ్లీ అవుతుంటే జల్లెడ బూడిదతో నిండింది. బూడిద కాలదు, జల్లెడ విప్పి కడగాలి లేదా మార్చాలి. ఇంజెక్టర్ల రిటర్న్ లీకు (వాడగా మిగిలి వెనక్కి పోయే డీజిల్) పరీక్ష చేయించండి, నాలుగింట్లో ఒకటి ఎక్కువ పోస్తుంటే అదే రోగి. సర్వీసు బిల్లుల్లో ఆయిల్ 5డబ్ల్యూ-30 తక్కువ బూడిద రకం (సీ2 లేదా సీ3) ఉందా, మామూలు ఆయిల్ పోశారా చూడండి. ఈ ఇంజనుకి ఐదు లీటర్ల పైనే పడుతుంది, చవకది పోసినవాళ్లే ఎక్కువ. క్లచ్ వదిలేటప్పుడు గడగడ అంటే క్లచ్‌లోనో, దాని పక్కన తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్‌లోనో తేడా ఉండొచ్చు, చిన్న ఖర్చు కాదు.

పార్టులకు భయం లేదు, ఈ 1.5 ఇంజను ఇప్పటికీ క్రెటా, సెల్టోస్‌లలో వస్తోంది. సిటీ డీజిల్ గురించి అడిగుంటే ఈ మాట చెప్పేవాణ్ని కాదు.

చివరిగా, పొద్దున్నే పోండి, చెప్పకుండా పోతే ఇంకా మంచిది. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, టీ తాగి వచ్చెయ్యండి, ఇంకో రోజు పోదురు.