అప్‌డేట్: గోలీ వేగం కొలిచేశాను

ఉండేలుతో వదిలిన గాజు గోలీ ఎంత వేగంగా పోతుందో తక్కువ ఖర్చులో కొలవడం ఎలా అని అడిగాను కదా, పనైపోయింది, సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి నిరోధం మారే సెన్సర్) వద్దు, అది మరీ నిదానం అన్నవాళ్ల మాటే విన్నాను. పీవీసీ పైపుకి 10 సెంటీమీటర్ల ఎడంలో రెండు చోట్ల ఎదురెదురు బెజ్జాలు పెట్టి, ఒకవైపు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, రెండోవైపు ఫోటోట్రాన్సిస్టర్ (ఆ వెలుతురుని పసిగట్టే సెన్సర్) బిగించి, ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు 2, 3 పిన్నులకి ఇంటరప్ట్‌లుగా (సిగ్నల్ మారగానే బోర్డు వెంటనే స్పందించేలా) ఇచ్చాను. గోలీ మొదటి సెన్సర్ నుంచి రెండోదానికి చేరే సమయంతో ఆ 10 సెంటీమీటర్లని భాగిస్తే వేగం వస్తుంది. పిన్ వోల్టేజీ చదివే అనలాగ్‌రీడ్‌కి ఒక్కసారికే దాదాపు 100 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి అది వాడలేదు, టైమ్ చెప్పే మైక్రోస్ ఫంక్షన్ అయితే 4 మైక్రోసెకన్ల తేడా కూడా పట్టేస్తుంది.

అసలు తిప్పలు పెట్టింది వెలుతురే. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి కిటికీ పక్కన పెడితే గోలీ అడ్డొచ్చినా సెన్సర్‌కి తెలియడం లేదు. ఫోటోట్రాన్సిస్టర్ల మీద నల్ల చార్ట్ పేపర్ చుట్టి, వాటికి పెట్టిన 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసేసి 4.7 కిలో ఓమ్‌లది వేశాక సిగ్నల్ టక్కున మారుతోంది.

అంకె నిజమేనా అన్న టెన్షన్ తీరాలి కదా, అందుకే పైపుని నిలువుగా నిలబెట్టి, రెండు సెన్సర్ల నడిమికి సరిగ్గా 50 సెంటీమీటర్ల పైనుంచి గోలీని ఊరికే వదిలాను. లెక్క ప్రకారం సెకనుకి 3.13 మీటర్లు రావాలి, 3.1 వస్తోంది! ఎంత సంతోషమేసిందో.

మీరూ చేస్తే సెన్సర్ల మధ్య దూరం జాగ్రత్తగా కొలవండి. అక్కడ 1 మిల్లీమీటర్ తేడా వస్తే వేగంలో 1 శాతం పోతుంది, అదే టైమ్‌లో 4 మైక్రోసెకన్ల తేడా అంటే, సెకనుకి 20 మీటర్ల వేగంతో పోయే గోలీకి కూడా 0.1 శాతం లోపే. గోలీని ఆపడానికి ఎదురుగా పాత దుప్పటి ఒకటి తప్పకుండా వేలాడదీయండి.