69 కమారో: నంబర్స్ మ్యాచింగ్ అని కొన్నా, బ్లాక్ డెక్ చేయించొచ్చా?

సిన్సినాటి శీను:
అందరికీ నమస్తే. సిన్సినాటి దగ్గర మేసన్‌లో ఉంటాను. పోయిన అక్టోబర్‌లో 1969 షెవీ కమారో ఒకటి కొన్నాను (ఇంట్లో చెప్పిన రేటు వేరు, అసలు రేటు వేరు, ఆ సంగతి వదిలేయండి). విన్ (కారు గుర్తింపు నంబర్) 124379ఎన్‌తో మొదలవుతుంది, ఆ ఎన్ అంటే నార్వుడ్ ప్లాంటు, మా ఇంటి నుంచి అరగంట కూడా ఉండదు, 1987లో మూసేశారనుకోండి, కానీ పుట్టింటి పక్కనే తిరుగుతున్న కారు కదా అని మనసు లాగేసింది.

ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) మీద ఫ్యాక్టరీ ట్యాగ్‌లో 04సి అని, పెయింట్ దగ్గర 57 బి అని, కింద ఎక్స్11 అని ఉంది. ఎక్స్11 అంటే ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్, కమారోలో జోరైన మోడల్) అనే అర్థం, ఇంజిన్ కూడా కారుతో వచ్చిందే, అంటే నంబర్స్ మ్యాచింగ్ అన్నాడు అమ్మినాయన. ఇంజిన్ బ్లాక్ మీద పోతలోనే వచ్చే క్యాస్టింగ్ నంబర్ 3970010, పక్కన తేదీ ఎఫ్ 12 0. ఇంజిన్ దింపి మెషిన్ షాపులో ఇచ్చాను, డెక్ (బ్లాక్ మీద సిలిండర్ హెడ్ కూర్చునే చదును భాగం) కొంచెం వంకర ఉంది, పది థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) లేపేస్తే సరిపోతుందంటున్నాడు. చేయించేయనా? బాడీ అంతా శాండ్‌బ్లాస్ట్ కొట్టించి హగ్గర్ ఆరెంజ్ వేయిద్దామని ఉంది, ఇప్పుడైతే ఎవరో ఎర్ర రంగు పూసేశారు. అన్నీ ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉండాలి నాకు.

నట్టు బోల్టు:
అన్నా ఆగు ఆగు, మొదలు ఆ మెషిన్ షాపాయనకు ఫోన్ కొట్టు, పని ఆపమను. ప్యాసింజర్ సైడు సిలిండర్ హెడ్ ముందట బ్లాక్ మీద చిన్న చదును జాగా ఉంటది, స్టాంప్ ప్యాడ్ అంటరు, ఇంజిన్ ఏ ప్లాంటుల ఏ రోజు కట్టిండ్రో, ఏ కారుకు పోయేదో, అన్నీ ఆడనే కొట్టి ఉంటయి, మస్తు సార్లు మీ విన్‌ల చివరి ముక్క కూడ ఆడనే ఉంటది. డెక్ కోస్తే అది కూడా పోతది. నంబర్ల కింద సన్నటి గీతలుంటయి, ఫ్యాక్టరీ మెషిన్ వదిలిపెట్టిన గీతలు, అవి పోయినంక మళ్ల ఎవడు ఏ నంబర్ కొట్టినా నమ్మరు.

నాది 70 షెవెల్. నేను గిట్లనే షాపుల ఇచ్చి డ్యూటీకి పోయిన, సాయంత్రం వచ్చి చూస్తే ప్యాడ్ అద్దం లెక్క మెరుస్తుంది, ఆయనేమో మస్తు నున్నగా తీసిన అని నవ్వుతుండు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలే. 69 కమారోల ఆల్టర్నేటర్ ఆ పక్కనే ఉంటది కాబట్టి కారుల ఉన్నప్పుడు ప్యాడ్ సరిగ్గ కనబడదు, మీది దింపినవు కదా, గ్రీజు బట్టతోని తుడిచి, గీకకు, బట్టతోని తుడిచి టార్చి పక్క నుంచి కొట్టి ఫోటో తియ్యి.

ఫ్లింట్ మావయ్య:
శీను గారూ, తమ్ముడు చెప్పింది నిజమే, కానీ మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉందండి, ఎవరూ చూసినట్టు లేరు. క్యాస్టింగ్ తేదీలో అక్షరం నెల. ఎ అంటే జనవరి, అలా లెక్కపెట్టుకుంటూ పోతే ఎఫ్ జూన్. 12 తారీఖు, చివరి అంకె సంవత్సరం. అంటే మీ బ్లాక్ పోత పోసింది జూన్ 12, 1970లో (ఆ సున్నా 1980 కూడా కావచ్చు, 3970010 చాలా ఏళ్లు పోశారు). మీ ట్యాగ్‌లో 04సి అంటే ఏప్రిల్ మూడో వారం, 1969. బిడ్డ పుట్టిన ఏడాదికి గుండె తయారైందన్నమాట. ప్యాడ్ మీద ఏమున్నా సరే అది ఈ కారుతో వచ్చిన ఇంజిన్ కాదు. కాబట్టి డెక్ నిశ్చింతగా తీయించుకోండి. తర్వాత ఎవరైనా మీ విన్ దాని మీద కొట్టిస్తాం అంటే మాత్రం వద్దనండి, అది మోసం, రేపు మీరు అమ్మేటప్పుడు మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక ఎక్స్11. అది ఎస్‌ఎస్ అని రాసిచ్చే కోడ్ కాదండి. స్టైల్ ట్రిమ్ అని ఒక ప్యాకేజీ, చక్రాల అంచులకి మెరిసే పట్టీలు, పిన్‌స్ట్రైపులు అలాంటివి. అది ఉన్న కారుకి ఎక్స్11 పడుతుంది, అది 350 (క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు) ఇంజిన్ ఎస్‌ఎస్ కావచ్చు, మామూలు కమారో కూడా కావచ్చు. జెడ్28 అనే ఇంకో స్పోర్ట్ మోడల్‌కైతే ఎక్స్33 గానీ ఎక్స్77 గానీ, 396 ఎస్‌ఎస్‌కైతే ఎక్స్22 గానీ ఎక్స్66 గానీ. ఇవి కూడా నార్వుడ్ కార్లకే, లాస్ ఏంజెలెస్‌లో చేసినవాటికి ఎక్స్ కోడే ఉండదు. విన్‌లో ఎస్‌ఎస్ అనేది ఎక్కడా రాయరు. వెనక లీఫ్ స్ప్రింగు ఒకే ఆకా, చాలా ఆకులా చూడండి. ఒక్క ఆకే ఉండి, ఎవరూ మార్చలేదని తేలితే ఎస్‌ఎస్ మీద ఆశ వదులుకోవచ్చు. ముందు డిస్క్ బ్రేకులు ఉన్నాయా అన్నదీ చూడాలి. ఇవన్నీ తర్వాత తగిలించుకోవచ్చు గనక ఉన్నంత మాత్రాన రుజువు కావు. కాగితం దొరికితేనే గట్టి రుజువు. బిల్డ్ షీటు ఒక్కోసారి పెట్రోల్ ట్యాంకు పైన, సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని ఉంటుంది, అందుకే ట్యాంకు దింపేటప్పుడు మెకానిక్‌కి వదిలెయ్యకుండా మీరే దగ్గరుండండి.

మరొకటి. హీటర్ పెట్టె తీశాక ఫైర్‌వాల్ మీద, విండ్‌షీల్డ్ కింద జాలీ రేకు తీస్తే దాని అడుగున, విన్ ముక్క దాచి కొట్టి ఉంటుంది. డ్యాష్ మీది నంబర్‌తో కలుస్తుందో లేదో చూసుకోండి. కలవకపోతే పెయింట్ సంగతి పక్కనపెట్టి టైటిల్ కాగితాల సంగతి చూసుకోవాల్సి వస్తుంది.

ఎండు మిరప:
57 అంటే ఫాథమ్ గ్రీన్ బ్రో, బి అంటే పైన నల్ల వినైల్ రూఫ్ (రేకు మీద అతికించే తోలులాంటి కవరు). ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉండాలంటావ్, హగ్గర్ ఆరెంజ్ వేస్తానంటావ్, ఆరెంజ్ కోడ్ 72 😀 ఏదో ఒకటి ఫిక్స్ అవ్వు.

శాండ్‌బ్లాస్ట్ అసలు వద్దు, పెద్ద పెద్ద ప్యానెల్స్ ఇసుక దెబ్బకి వంకరపోతాయి, పైగా చూసుకోవాల్సినవన్నీ ఇసుకతో పోతాయి. ఫైర్‌వాల్ మీద, ఇరుసు మీద ఫ్యాక్టరీ వాళ్లు చాక్ పీసుతోనో రంగుతోనో పెట్టిన గుర్తులుంటాయి, మురికి కింద భద్రంగా ఉంటాయవి, గుడ్డ, డిష్ సోపు, ఓపిక, అంతే. బానెట్ హింజీలకి నల్ల పెయింట్ కొట్టకు, అవి బూడిద రంగు ఫాస్ఫేట్. ఇంజిన్ ఆరెంజ్ కూడా మరీ నీట్‌గా టేపులు వేసి కొట్టకు, అప్పట్లో బిగించాకే స్ప్రే కొట్టేవాళ్లు, గ్యాస్కెట్ అంచుల మీద కూడా రంగు పడాలి. కింద ఫ్లోర్ ప్రైమర్‌లోనే ఉంటుంది, అంచుల్లో మాత్రం బాడీ రంగు పొగలా కమ్ముకుని ఉంటుంది. షోలో తెలిసినవాడు ముందు కిందకే వంగుతాడు. అప్పటి జీఎం (షెవీ కంపెనీ) పెయింట్ అక్రిలిక్ లాకర్ రకం, ఇప్పటి క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పూత) పూసిన గ్లాసులా మెరవదు, అలా మెరిసిందంటే దూరం నుంచే దొరికిపోతావ్.

సిన్సినాటి శీను:
మావయ్యగారూ, ప్యాడ్ తుడిచి చూశాను, నున్నగా ఉంది, ఎవరో ఎప్పుడో కోసేశారు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. దాచిన విన్ మాత్రం కలిసింది, రెండు చోట్లా, బతికాను. స్ప్రింగులు చూశాను, ఒక్క ఆకే, బుషింగులు కూడా ముట్టుకున్నట్టు లేవు. అంటే ఎస్‌ఎస్ లేదన్నమాట, ఆ బ్యాడ్జీలు పీకేస్తున్నా.

నిన్న వెనక సీటు తీసి స్క్రూడ్రైవర్‌తో కొంచెం గీకితే ఎరుపు కింద ముదురు ఆకుపచ్చ వచ్చింది, తడి చేసి చూస్తే మామిడాకు రంగు. మా ఆవిడని పిలిచి చూపించాను, ఇదే బావుంది కదా, ఆరెంజ్ ఎందుకు, ఆటోలాగా అంది. శాండ్‌బ్లాస్ట్ క్యాన్సిల్, గ్రీన్ ఫిక్స్. వినైల్ రూఫ్ ఒక్కటే తేలలేదు. వెనక అద్దం కింద మూలల్లో రేకు వేలు పెడితే లోపలికి పోతోంది, వినైల్ కింద నీళ్లు నిలిచి తినేసినట్టుంది. ఆ ముక్క వెల్డింగ్ చేయించాక మళ్లీ వినైల్ వేస్తే ఇంకో పదేళ్లకి ఇదే గోల కదా, వేసినవాళ్లు ఎవరైనా కింద ఏం పూశారో చెప్పండి.