అమ్మ చీరలు కత్తిరించి పండగ కానుకలు చేయవచ్చా?

రేవుగట్టు:
అమ్మ పోయి రెండేళ్ళయింది. బీరువాలో ఆమె చీరలు 11 మిగిలాయి. వచ్చే సంక్రాంతికి అన్నయ్యకు, అక్కకు, ఇద్దరు మేనకోడళ్ళకు ఆ చీరల ముక్కలతోనే మా ఊరి గోదావరి రేవును బొమ్మగా కుట్టి, పటం కట్టించి ఇవ్వాలని ఉంది. పని నాకు కొత్త కాదు. పాత దుప్పటి ముక్కలతో రెండు చేసి చూశాను. ముందు ఆకాశం పరచాలి, దాని మీద అవతలి గట్టు, ఆపైన లంక, చివరకు మన వైపు కొబ్బరిచెట్లు. దూరంగా ఉన్నవాటికి వెలిసిన గుడ్డ వాడితే ఆ దూరం దానంతట అదే వస్తుంది. అమ్మ కట్టి, ఉతికి, ఆరేసి వెలిసిపోయిన నూలు చీరల్లో ఉన్నంత ఆకాశం ఏ బట్టల కొట్లోనూ దొరకదు.

చిక్కంతా ఒక్క చీర దగ్గర వచ్చింది. పోచంపల్లి పట్టు, నీలం మీద తెలుపు. ఆ నేతలో గళ్ళ అంచులు గీత గీసినట్టు ఉండవు కదా, నీళ్ళలో చెట్టు నీడ కదులుతున్నట్టు ఉంటాయి. నదికి నాకు అదే కావాలి. కత్తెర తీసేసరికి పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "మా అక్కయ్య చీరను ముక్కలు చేస్తావా" అని ఏడ్చింది. కట్టుకునే మనిషి లేక బీరువాలో చీకిపోవడం కన్నా నాలుగు ఇళ్ళ గోడల మీద రోజూ కనబడటమే ఆ చీరకు గౌరవమని నా నమ్మకం. మీరేమంటారు?

పాతబీరువా:
కోయకండి. మా అత్తగారి గద్వాల చీరతో నేను దిండు గలేబులు కుట్టాను. అప్పుడు మా అమ్మాయికి 8 ఏళ్ళు. ఇరవయ్యో ఏట, నిశ్చితార్థానికి, "నాయనమ్మ గద్వాల చీర కట్టుకుంటాను, తీసిపెట్టమ్మా" అంది. ఆ పిల్లకు నేనేం చెప్పాలి? మీ మేనకోడళ్ళు ఎంత వాళ్ళో రాయలేదు. వాళ్ళను అడిగారా?

బొంతసూది:
నేను రేవుగట్టు గారి వైపు. చీరను కోయకూడదన్న నియమం మన ఇళ్ళలో ఎప్పుడూ లేదు. మా అమ్మమ్మ చీర కొంత చిరిగితే ఉయ్యాల అయ్యేది. తరువాత పొత్తిళ్ళ గుడ్డలు, ఆ తరువాత బొంతలో ఒక పొర, ఆఖరుకు మసిగుడ్డ. బెంగాల్‌లో కాంతా అనే బొంతలు కుట్టేవాళ్ళు గుడ్డనే కాదు, కుట్టే దారాన్ని కూడా పాత చీరల అంచుల్లోంచి లాగి తీసుకునేవారు. చీరను బీరువాలో పెట్టి పూజించడం తరువాత వచ్చిన అలవాటు. పూజించి చివరకు ఏం చేశాం? స్టీలు సామాన్ల వాడికి ఒక డబ్బా కోసం ఇచ్చేశాం, జరీ కరిగించే వాడికి తూకానికి అమ్మేశాం. ఆ రెండింటికన్నా గోడ మీద గోదావరి వెయ్యి రెట్లు మేలు.

ఆసుమేకు:
మాది పోచంపల్లి దగ్గర నేత ఇల్లు. నేను ఇప్పుడు మగ్గం మీద లేను, మా అన్న ఉన్నాడు. రేవుగట్టు గారూ, ముందుగా ఆ చీరను తిరగేసి చూడండి. వెనుక వైపు రంగు పలచగా ఉంటే అది అచ్చు వేసిన గుడ్డ, నిశ్చింతగా కత్తిరించుకోండి. రెండు వైపులా రంగు ఒకేలా ఉంటే అసలు నేత. అప్పుడు నా మాట కొంచెం వినండి.

మీకు నచ్చిన ఆ చెదిరిన అంచు నేయకముందే పుడుతుంది. పోగులను కట్టలుగా పేర్చి, అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచుతాం. కట్టు కింద రంగు ఎక్కదు, కట్టు చివర్ల దగ్గర మాత్రం కాస్త పాకుతుంది. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. మీకు కనబడే నీటి అల అదే. కట్లు కట్టడానికి ముందు పేకను, అంటే అడ్డంగా నేసే పోగును, ఆసు పోయాలి. ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస. పోగు పట్టుకుని ఆ మేకుకూ ఈ మేకులకూ చేయి ఆడించాలి. ఒక చీరకు దాదాపు 9000 సార్లు. నాలుగైదు గంటల పని, ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం తయారు చేశారు. దానికే 2017లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మకు ఆ యంత్రం ఆలస్యంగా అందింది. కుడి చెయ్యి తల దాకా ఎత్తలేదు, జడ మా వదినే వేస్తుంది.

మీ అమ్మగారి చీర మీద మీకు హక్కు ఉంది, కాదనను. కానీ అందులో ఇంకో అమ్మ భుజం కూడా ఉంది. నిండు చీరను, కట్టుకోవడానికి పనికివచ్చేదాన్ని, నాలుగంగుళాల నది కోసం కోయడం నాకు నచ్చదు. చిరిగినదైతే మాత్రం మా అన్న కూడా అడ్డు చెప్పడు.

బొంతసూది:
ఆసుమేకు గారూ, మీ అమ్మగారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. అయినా ఒకటి అడుగుతాను. ఆ శ్రమ బీరువా చీకట్లో ఎవరికి కనబడుతోంది? పటం వెనుక చీర ఊరి పేరు, ఆసు సంగతి రాసి ఇస్తే ఆ పిల్లలకు తెలుస్తుంది. కట్టని చీర నేతగాడికి ఏ విధంగా గౌరవం?

ఆసుమేకు:
కట్టండి అంటున్నాను. దాచమని నేను అనలేదు.

రేవుగట్టు:
తిరగేసి చూశాను. రెండు వైపులా ఒకే నీలం. మడత విప్పితే కుచ్చిళ్ళు వచ్చే చోట జానెడు చీలిక ఉంది, మిగతాదంతా గట్టిగానే ఉంది. మేనకోడళ్ళను అడగలేదు, అది నా తప్పే. పెద్దదానికి 19. ఫోను చేస్తే, "అత్తయ్యా, నాకు చీర కట్టుకోవడం రాదు, బొమ్మే కావాలి" అంది. చిన్నది ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను పట్టుకుంది.

రవికలకుట్టు:
నేను 22 ఏళ్ళుగా టైలరును. పట్టు ఎప్పుడూ మడత గీత మీదే చీలుతుంది. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచడం దానికి కారణం. మూడు నెలలకు ఒకసారి మడత మార్చి, తెల్లని నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. మీకున్న చీలిక కుచ్చిళ్ళలో దాగిపోతుంది, వెనుక పలచని గుడ్డ వేసి రఫ్ఫు చేస్తే ఇంకో పదేళ్ళు కట్టుకోవచ్చు.

అసలు సంగతి ఇది: అమ్మగారి రవికలు ఏమయ్యాయి? అవి ఎప్పుడో కత్తెర చూసిన బట్టలు. వేరేవాళ్ళకు పట్టవు, కనుక ఎవరూ అడగరు. చంక దగ్గర చెమటకు చీకి ఉంటుంది, దాన్ని వదిలేయండి. చేతులు, వీపు విప్పి చూడండి. పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాల గుడ్డ వదిలి ఉంటుంది, దానికి ఎండ తగలదు, కొత్త రంగు అలాగే ఉంటుంది. పట్టు ముక్కలను జిగురు కాగితంతో ఇస్త్రీ చేసి అంటించవద్దు, గట్టిపడి మెరుపు పోతుంది. టాకాలు వేసి నిలుపుకుని, అంచు వెంట కాడకుట్టు వేయండి.

దూరపుఊరు:
నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ కుట్టిన అరకు లోయ బొమ్మ, పచ్చని వలిసెపూలతో, నా దగ్గర ఉంది. వచ్చేటప్పుడు పెట్టెలో అద్దం పగిలి ఒక ముక్క గుడ్డను కోసేసింది. మీ వాళ్ళలో ఎవరైనా దూరంలో ఉంటే అద్దం లేకుండా గొట్టానికి చుట్టి పంపండి, పటం అక్కడే కట్టించుకుంటారు. ఎండ పడే గోడకు వద్దని కూడా చెప్పండి. మా బొమ్మలో పూల పసుపు మూడేళ్ళకే పాలిపోయింది.

పాతబీరువా:
రవికల మాట నాకు ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రేవుగట్టు:
పెట్టె అడుగున, దిండు గలేబులో మూటకట్టి, 14 రవికలు దొరికాయి. పోచంపల్లి చీరదీ ఉంది. కుట్టు విప్పితే లోపల నీలం నిన్న రంగులోంచి తీసినట్టు ఉంది. అయితే నాలుగు పటాలకు పంచితే ఒక్కొక్క దానికి బెత్తెడు నది కూడా రాదు. రెండు రాత్రులు బల్ల మీద ముక్కలు జరుపుతూ కూర్చున్నాను. చివరకు వరద గోదావరి ఆలోచన మానుకుని వేసవి గోదావరి వేశాను. నీరు సన్నబడి, రేవు ముందంతా ఇసుక తిన్నెలు తేలిన కాలం. ఇసుకకు అమ్మ చందనం రంగు నూలు చీర ఒకటి పూర్తిగా చిరిగిపోయినది వాడాను. నిజానికి మేమంతా ఆ ఇసుకలోనే ఆడుకున్నాం, వరదలో మమ్మల్ని రేవుకు వెళ్ళనిచ్చేవారే కాదు.

బొంతసూది గారూ, మీరు చెప్పినట్టు ఒక్కో పటం వెనుక చీరల పేర్లు, ఆసు సంగతి రాస్తున్నాను. నీలం చీర రఫ్ఫుకు ఇచ్చాను. చిన్న మేనకోడలికి నచ్చితే దానికి, లేదంటే పిన్నికి. పిన్ని నిన్న వచ్చి మొదటి బొమ్మ చాలాసేపు చూసింది. రేవుకు మెట్లు ఆరు కాదు, ఏడు అంది. నీళ్ళు తగ్గితేనే ఏడోది బయటపడుతుందట. అక్కయ్య దాని మీదే కూర్చుని బట్టలు ఉతికేదట. ఏడో మెట్టుకు బూడిద రంగు గుడ్డ వెతుకుతున్నాను.